ప్రభుత్వం: పెళ్ళిపెద్దా, సాక్షా?

పెళ్ళి ఇద్దరి సొంత వ్యవహారమని మనం ఉపన్యాసాల్లో అంటూనే వుంటాం. మన సమాజంలో అది ఏనాడూ ఇద్దరి వ్యవహారంగా లేదు. దానికి పెద్దలుంటారు, సాక్షులుంటారు. పెళ్ళిపెద్ద వేరు, సాక్షి వేరు. పెళ్ళిపెద్ద కులం అడుగుతాడు, గోత్రం విచారిస్తాడు, ఇచ్చిపుచ్చుకోవటాలు తేలుస్తాడు, చివరికి ఈ సంబంధం తగునో తగదో చెబుతాడు. సాక్షి ఇవేమీ అడగడు. జరిగినదాన్ని కళ్ళారా చూశానంటాడు. రేపు ఎవరైనా లేచి "ఇది పెళ్ళే కాదు" అంటే వచ్చి నిలబడి, "అయింది, నేనెరుగుదును" అంటాడు. అతని పని అంతే.

ప్రజాస్వామిక ప్రభుత్వం వివాహం విషయంలో ఈ రెండింటిలో ఏ పాత్ర వహించాలి? స్వలింగ వివాహాలను గురించి మన దేశంలో కొన్నేళ్ళుగా సాగుతున్న వాదోపవాదాల అడుగున వున్న అసలు ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. మగవాడు మగవాణ్ణి ప్రేమించటం సహజమా, అసహజమా అన్నది కాదు ప్రశ్న. ఆ చర్చ చట్టం వరకు 2018 సెప్టెంబరు 6న ముగిసింది. 1860 నాటి శిక్షాస్మృతిలో తెల్ల దొరలు రాసిపెట్టిన 377వ సెక్షను పరస్పర అంగీకారంతో కలిసివున్న వయోజనులకు వర్తించదని ఆ రోజున సుప్రీంకోర్టు తేల్చింది. నేరం కానిది నేరం కాదు. అయితే నేరం కాకపోవటమూ హక్కు కావటమూ ఒకటి కాదు. ఈ రెంటికీ మధ్య వున్న అగాధంలోనే ఇప్పుడు కొన్ని వేలమంది జీవితాలు వేలాడుతున్నాయి.

ఆ అగాధాన్ని దాటాలని ప్రయత్నించినవారిలో మన నగరంవారు వున్నారు. 2021 డిసెంబరులో హైదరాబాదు సమీపాన ఇద్దరు పురుషులు బంధుమిత్రుల ఎదుట పెళ్ళి చేసుకున్నారు. చూసినవారున్నారు, దీవించినవారున్నారు, రిజిస్టరులో మాత్రం దానికి చోటు లేదు. 2022 నవంబరులో ఆ ఇద్దరూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన అలాటి అర్జీలన్నీ వారిదానితో కలిశాయి. ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 వరకు పది రోజులపాటు వాదనలు విన్నది. అక్టోబరు 17న తీర్పు వచ్చింది. ఆ హైదరాబాదు దంపతులలో ఒకరి పేరుమీద దాన్ని సుప్రియో కేసు అంటున్నారు. పునఃపరిశీలన కోరుతూ వేసిన అర్జీలను కూడా 2025 జనవరి 9న కోర్టు తోసిపుచ్చింది.

తీర్పు సారాంశం ఇది. వివాహం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయలేదని కూడా ఐదుగురూ అన్నారు. ఇద్దరు మాత్రం - ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ - వివాహమని పేరు పెట్టకపోయినా అలాటి జంటల సహజీవనాన్ని ప్రభుత్వం గుర్తించవలసిందేనన్నారు. జస్టిస్ భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నరసింహ దానికి ఒప్పుకోలేదు. కాబట్టి మెజారిటీ మాటే చెల్లింది. చట్టం చెయ్యటం పార్లమెంటు పని అని చెప్పి, ఇబ్బందులు పరిశీలించటానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేస్తామని ప్రభుత్వం చెప్పిన మాటను నమోదు చేసి, కోర్టు విరమించుకున్నది.

వివాహం ప్రాథమిక హక్కు కాదనటంలో పైకి తప్పేమీ కనిపించదు. కోర్టుకన్నా, రాజ్యాంగంకన్నా, అసలు ప్రభుత్వంకన్నా వివాహం పాతది. ప్రభుత్వం దాన్ని ఇవ్వలేదు, కాబట్టి ప్రభుత్వాన్ని అడగటానికి లేదు. తర్కం బాగానే వుంది. కాని వాస్తవం ఏమిటి?

నేను వుండే చిలకలగూడ చుట్టుపట్ల రైల్వే కుటుంబాలు మెండు. ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా ప్రభుత్వం దృష్టిలో పెళ్ళి అంటే ఏమిటో చక్కగా చెబుతారు. ఏడడుగులూ కాదు, మంగళసూత్రమూ కాదు. పాసు మీద ఎవరి పేరు ఎక్కుతుంది, రైల్వే ఆసుపత్రి కార్డులో కుటుంబ సభ్యులెవరు, ఉద్యోగి కన్నుమూస్తే కుటుంబ పెన్షను ఎవరికి, కారుణ్య నియామకం ఎవరికి - ప్రభుత్వానికి పెళ్ళి అంటే ఇదీ. ఒక్క రైల్వే మాటే కాదు. ఆదాయపు పన్ను, ఉమ్మడి ఆస్తి, వారసత్వం, దత్తత, కోర్టులో సాక్ష్యం, వైద్యానికి అనుమతి, చివరికి శవాన్ని ఎవరికి అప్పగించాలన్నది - అన్నిటి తలుపులకూ ప్రభుత్వం ఒకే తాళం వేసింది. ఆ తాళంచెవి పేరు వివాహం. ఇన్ని తలుపులకు తాళం వేసిన తరువాత, చెవి అడిగినవారితో "చెవి మీద ఎవరికీ ప్రాథమిక హక్కు లేదు" అంటే అది న్యాయం అనిపించుకోదు. చెవి మీద హక్కు లేకపోవచ్చు. లోపల వున్న అన్నం మీద హక్కు వున్నదా, లేదా?

ఈ ప్రశ్న ప్రభుత్వాన్ని కూడా కాస్త కదిపినట్టుంది. కమిటీ ఏర్పాటైన తరువాత 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కొన్ని ఉత్తర్వులు వచ్చాయి. అలాటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవటానికి, ఒకరినొకరు నామినీగా రాసుకోవటానికి అభ్యంతరం లేదన్నారు. రేషను కార్డు కోసం ఆ ఇద్దరినీ ఒకే ఇంటివారిగా లెక్కించమని రాష్ట్రాలకు చెప్పారు. దగ్గరి బంధువులు లేనప్పుడు తోడుగా వున్నవారు శవాన్ని తీసుకుపోవచ్చన్నారు.

వీటిని చిన్నచూపు చూడనక్కరలేదు. ఒక పొయ్యి మీద వండుకునేవారు ఒక ఇంటివారు అని పౌరసరఫరాల శాఖ ఒప్పుకోవటం నిజంగా గొప్ప సంగతే. అయితే ఈ వరాలలో పస ఎంతో చూడండి. నామినీ అంటే సొమ్ము చేతికి అందుకునేవాడే గాని సొంతదారు కాడని, వారసులు వచ్చి అడిగితే వారికి చెల్లవలసిందేనని బీమా సొమ్ము విషయంలో 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బీమా చట్టాన్ని 2015లో సవరించి కొందరు నామినీలను సొంతదారులుగా చేశారు. ఆ కొందరు ఎవరు? తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు. ఇరవై ఏళ్ళు ఒక ఇంట్లో బతికిన ఇద్దరిలో ఒకరు పోతే, ఏనాడూ గుమ్మం తొక్కని అన్నదమ్ములు దిగివచ్చి బ్యాంకు ఖాతాలో వున్నదంతా మాదేననవచ్చు. వీలునామా రాసుకోవచ్చు కదా అంటారు. నిజమే, వీలునామాతో ఇల్లు ఇవ్వవచ్చు. కుటుంబ పెన్షను వీలునామాతో ఇవ్వటానికి లేదు. పైగా దగ్గరి బంధువులు లేనప్పుడే శవం అప్పగిస్తారట. అంటే బంధువులు వుంటే? బతికివున్నప్పుడు వెలివేసినవారే చచ్చిన తరువాత కర్తలవుతారు.

బియ్యం దగ్గర ఒకే ఇంటివారు, వారసత్వం దగ్గర పరాయివారు. ఇదీ ఇప్పటి స్థితి.

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంది. చదువుకున్నవారిలో దీనికి ఆకర్షణ ఎక్కువ. "ఇంత తగువు ఎందుకు? అసలు ప్రభుత్వం పెళ్ళిళ్ళ జోలికే పోరాదు. ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు కలిసివుంటారు, ఎవరి మతం ప్రకారం వారు తంతు జరుపుకుంటారు. రిజిస్టరు మూసేస్తే సరి, అందరూ సమానులవుతారు" అంటారు. వినటానికి ఇది స్వేచ్ఛావాదంగా వుంటుంది. పశ్చిమ దేశాల్లో దీనికి ఏ అర్థం వున్నదో గాని, మన దేశంలో మాత్రం దీని ఫలితం వేరు.

ఎందుకంటే మన దగ్గర ప్రభుత్వం తప్పుకున్న చోటు ఖాళీగా వుండదు. అక్కడికి కులం వస్తుంది. 377వ సెక్షను మీద తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, 2018 సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి గర్భిణి అయిన భార్య కళ్ళెదుటే నరికి చంపారు. కిరాయి ఇచ్చి చంపించినది ఆమె తండ్రి. 2022 మే 4న సరూర్‌నగర్‌లో మతం వేరైన యువకుణ్ణి భార్య సోదరుడు నడివీధిలో చంపాడు. ఆ జంటలు స్వలింగ జంటలు కావు. స్త్రీ, పురుషుడు, వయస్సు, ఇష్టం - అన్నీ చట్టం అడిగినట్టే వున్నాయి. అయినా పెళ్ళిపెద్దలకు నచ్చలేదు. చట్టం వారి ప్రాణాలు కాపాడలేకపోయింది; కాని "ఆమె అతని భార్య" అని చెప్పటానికి చట్టం మిగిలింది. భర్త చనిపోయిన తరువాత ఆమె కోర్టులో నిలబడింది అతని భార్యగానే. మిర్యాలగూడ కేసులో 2025 మార్చిలో శిక్షలు పడ్డాయి.

ఇప్పుడు ఆ సాక్ష్యం కూడా లేనివారి సంగతి ఆలోచించండి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక హెబియస్ కార్పస్ అర్జీ వచ్చింది. విజయవాడలో ఇద్దరు వయోజనులైన స్త్రీలు కలిసి జీవిస్తున్నారు. వారిలో ఒకామెను తండ్రి తన ఇంట్లో నిర్బంధించాడని రెండవ ఆమె ఫిర్యాదు. హైకోర్టు ఆమెను విడిపించి, తన ఇష్టం వచ్చినవారితో జీవించే స్వేచ్ఛ ఆమెకు వున్నదని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని చెప్పింది. మంచి తీర్పు. 2025 మేలో మద్రాసు హైకోర్టు కూడా ఇలాటి కేసులోనే, కుటుంబం ఏర్పడటానికి వివాహం ఒక్కటే మార్గం కాదన్నది. అంతకుముందే, 2024 మార్చిలో, ఇలాటి కేసుల్లో కౌన్సెలింగు పేరు పెట్టి మనస్సు మార్చే ప్రయత్నాలు చెయ్యరాదని సుప్రీంకోర్టు అన్ని కోర్టులకూ సూచించవలసి వచ్చింది. సూచించవలసి వచ్చిందంటే అంతకుముందు ఏం జరుగుతున్నదో ఊహించుకోవచ్చు.

ఈ కేసుల్లో గమనించవలసింది ఒకటి వుంది. నిర్బంధించినవాడు ప్రభుత్వాధికారి కాదు, తండ్రి. ఈ మనుషులకు మొదటి శత్రువు చాలాసార్లు సొంత ఇల్లే. అలాటప్పుడు "ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలి" అనటమంటే వారిని ఆ ఇంటికే అప్పగించటం. భర్తకు, భార్యకు పోలీసు స్టేషను మెట్టు ఎక్కటానికి ఒక పేరుంటుంది. వీరికి ఆ పేరు లేదు. "నువ్వెవరివి?" అన్న ప్రశ్నకు జవాబుగా చూపించటానికి ఒక కాగితం కావాలి. వారు అడుగుతున్నది ప్రభుత్వపు ఆశీర్వచనం కాదు, ఆ కాగితం.

ఈ కాగితం కోసం మన ప్రాంతంలో జరిగిన పోరాటం ఇది మొదటిది కాదు. వితంతు పునర్వివాహాన్ని అనుమతిస్తూ 1856లో చట్టం వచ్చింది. ఆనాడు చట్టం కావాలన్న అర్జీల మీది సంతకాలకన్నా వద్దన్న అర్జీల మీది సంతకాలు ఎన్నో రెట్లు ఎక్కువ. తల లెక్క చూస్తే ఆ చట్టం రాకపోయేది. ఆ చట్టం చేసినదేమిటి? వితంతువులకు పెళ్ళిళ్ళు చెయ్యలేదు. చేసుకుంటే ఆ పెళ్ళి పెళ్ళేనని, పుట్టిన పిల్లలు వారసులేనని చెప్పింది. అంటే సాక్షి పని చేసింది. పెళ్ళిపెద్ద బుద్ధి పూర్తిగా పోలేదు; తిరిగి పెళ్ళాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు అదే చట్టం తీసేసింది. అయినా దాన్ని ఊతగా పట్టుకునే వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. చట్టానికీ ఆ పెళ్ళికీ మధ్య పాతికేళ్ళు. సంఘంలో కదిలేవారు లేనప్పుడు చట్టం పుస్తకంలో నిద్రపోతుందన్నది ఎంత నిజమో, చట్టం లేనప్పుడు కదిలినవారు ఒంటరివారవుతారన్నదీ అంత నిజం.

కన్యాశుల్కం చరిత్ర కూడా ఇక్కడ జ్ఞాపకం చేసుకోవచ్చు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల పట్టిక విజయనగరం మహారాజు తయారు చేయించారని, ఆ లెక్క 1,034కు వచ్చిందని గురజాడ 1897లో తన నాటకానికి రాసిన పీఠికలో చెప్పారు. లెక్కకు రాని దురాచారం కనపడదు. లెక్కకు రాని మనుషులూ కనపడరు. ఈనాడు మన దేశంలో ఎన్ని స్వలింగ జంటలు కాపురాలు చేస్తున్నాయో చెప్పగల రిజిస్టరు ఏదీ లేదు. లేరనుకోవటం అందుకే సులభంగా వుంది.

ఇక మన ఉద్యమంలోని సంగతి. దండల పెళ్ళి అంటే ఈ పత్రిక చదివేవారికి వివరించనక్కరలేదు. పురోహితుడు లేకుండా, ముహూర్తం లేకుండా, కట్నం లేకుండా సభలో దండలు మార్చుకుని ఒకటైన దంపతులు మన తల్లిదండ్రుల తరంలో, తాతల తరంలో ఎందరో వున్నారు. అంతకుముందే త్రిపురనేని రామస్వామి చౌదరిగారు తెలుగులో వివాహ విధి రాసి, బ్రాహ్మణ పురోహితుడు లేకుండా పెళ్ళిళ్ళు చేయించారు. ఇవన్నీ గొప్ప సాహసాలు. కాని చట్టం వాటిని ఎలా చూసింది? 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆచారబద్ధమైన తంతు జరిగితేనే పెళ్ళి అంటుంది. తమిళనాడులో ఆత్మగౌరవ ఉద్యమంవారు చేసుకున్న పెళ్ళిళ్ళు చెల్లవని మద్రాసు హైకోర్టు 1950లలో తేల్చితే, 1967లో అన్నాదొరై ప్రభుత్వం చట్టాన్ని సవరించి ఆ దంపతులను కాపాడవలసి వచ్చింది. తంతు జరగకపోతే రిజిస్ట్రేషను కాగితం ఒక్కటే హిందూ వివాహాన్ని నిలబెట్టదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో మళ్ళీ చెప్పింది.

కాబట్టి తంతు వద్దనుకున్నవారికి, కులం దాటినవారికి, మతం దాటినవారికి వున్న నమ్మకమైన ద్వారం ఒకటే - 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దానికి ముందు 1872 చట్టం వుండేది. ఆ చట్టం కింద పెళ్ళి చేసుకోదలచినవారు తాము హిందువులం కాము, ముస్లిములం కాము, క్రైస్తవులం కాము అని వరసగా మతాలన్నిటినీ వదులుకున్నట్టు చెప్పవలసి వచ్చేది. 1923లో కొందరికి ఆ షరతు సడలించారు. 1954లో అది పూర్తిగా పోయింది. మన అభ్యుదయ దంపతులు ఎందరో ఆ ద్వారంలోంచే లోపలికి వచ్చారు. ఆ చట్టంలో నాలుగవ సెక్షను ఎలా మొదలవుతుందో తెలుసా? "ఏ ఇద్దరు వ్యక్తుల మధ్యనైనా" అని మొదలవుతుంది. ఆ తరువాతి షరతుల్లో మాత్రం పురుషుడికి 21, స్త్రీకి 18 అని వయస్సులు వస్తాయి. హైదరాబాదు దంపతులు తట్టింది ఈ తలుపునే. మనం వచ్చిన తలుపు దగ్గరే వారిని ఆపారు. ఇది మనకు పరాయి సంగతి ఎలా అవుతుంది?

విచారణ సాగుతున్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వాల అభిప్రాయం అడిగారు. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయని 2023 మే నెలలో కేంద్రం కోర్టుకు చెప్పింది. ఆ ఏడింటిలో తెలంగాణ లేదు. ఆంధ్రప్రదేశ్ వుంది, అది వ్యతిరేకించింది. ఎలా నిర్ణయానికి వచ్చింది? రాష్ట్రంలోని వివిధ మతాల పెద్దలను సంప్రదించిందట! దీన్ని మించిన విడ్డూరం నాకు తెలియదు. ప్రత్యేక వివాహ చట్టం పుట్టిందే మతపెద్దల అనుమతి అక్కరలేనివారి కోసం. ఆ చట్టం ఎవరికి వర్తించాలో మతపెద్దలను అడగటమంటే, కల్లు మానినవాడు ఏం తాగాలో కల్లు పాకలో విచారించినట్టుంది. ప్రభుత్వం తాను సాక్షినన్న సంగతి మరచి పెళ్ళిపెద్దల వరసలో కుర్చీ వేసుకోవటానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

పెళ్ళిపెద్ద పాత్రలోకి దిగిన ప్రభుత్వం ఎంత చిక్కులో పడుతుందో ఆ తీర్పులోనే ఇంకొకచోట కనిపిస్తుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్త్రీపురుష సంబంధంలో వుంటే ఇప్పుడున్న చట్టాల కిందనే పెళ్ళి చేసుకోవచ్చునని అదే ధర్మాసనం చెప్పింది. మంచిదే. 2019లో మద్రాసు హైకోర్టు కూడా వధువు అనే మాటలో ట్రాన్స్ స్త్రీ కూడా వస్తుందన్నది. అయితే ఇప్పుడు రిజిస్ట్రారు ఏం చెయ్యాలి? ఎదుట నిలుచున్న ఇద్దరి ఇష్టం అడగాలా, వారి ఒళ్ళు విచారించాలా? ఇష్టం అడిగేవాడు సాక్షి. ఒళ్ళు విచారించేవాడు ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

మన శిబిరంలోనుంచే వచ్చే అభ్యంతరాలకు జవాబు చెప్పకపోతే ఈ వ్యాసం సగంలో ఆగినట్టే.

మొదటిది: "ఇది పట్టణాల్లోని డబ్బున్నవారి గొడవ. కూలి రేట్లు, భూమి, నిరుద్యోగం వుండగా దీనికెందుకు ప్రాముఖ్యం?" అర్జీదారులలో ఇంగ్లీషు చదువులవారు వున్నమాట నిజమే. కోర్టుకు వెళ్ళటానికి డబ్బూ ధైర్యమూ కావాలి. కాని కేంద్ర ప్రభుత్వం 2023లో సుప్రీంకోర్టుకు ఇచ్చిన కాగితంలో కూడా సరిగ్గా ఇదే మాట వుంది - ఇది పట్టణ ఉన్నతవర్గం వారి అభిప్రాయం మాత్రమేనని. ఏలినవారూ మనమూ ఒకే మాట అంటున్నప్పుడు మనం కాస్త ఆగి ఆలోచించాలి. డబ్బున్నవాడు వీలునామా రాయించుకుంటాడు, వకీలును పెట్టుకుంటాడు, విదేశానికి పోతాడు. రేషను కార్డూ పెన్షనూ తప్ప మరి ఆధారం లేనివారికే వివాహ పత్రం ఎక్కువ అవసరం. ఇది వర్గ ప్రశ్న కాదనేవారు దాన్ని పై అంతస్తు నుంచి మాత్రమే చూస్తున్నారు.

రెండవది ఇంతకన్నా బలమైనది. "వివాహమే ఆస్తి వ్యవస్థ. స్త్రీ బానిసత్వానికి అది మూలమని ఎంగెల్స్ 1884లోనే చూపించాడు. మన చలం జీవితమంతా దాని మీద కత్తి దూశాడు. కూలిపోవలసిన ఇంట్లో గది కావాలని అడగటం ఏమి అభ్యుదయం?" నేను చలాన్ని పాఠం చెప్పేవాణ్ణి, ఈ వాదం బలం నాకు తెలుసు. కాని వివాహాన్ని కాదనే స్వేచ్ఛ, అది అందుబాటులో వున్నవాడికే వుంటుంది. గుడిలోకి రానివ్వని మనిషితో "దేవుడు లేడు, నీకు గుడి ఎందుకు?" అనటం నాస్తికత్వం కాదు, తలుపు మూసినవాడికి సాయం. పైగా ఇద్దరు స్త్రీల కాపురంలో ఎవరు ఏలిక, ఎవరు సేవిక అన్నది పుట్టుకతో నిర్ణయమై రాదు. అక్కడ దౌర్జన్యం వుండదని కాదు. వున్నా దాన్ని ధర్మమని సమర్థించటానికి శాస్త్రం దొరకదు. పాత సంస్థలో ఇలాటి కాపురాలు చేరటంవల్ల మారేది ఆ సంస్థే కావచ్చు.

ఈ విషయంలో సోషలిస్టు దేశాల చరిత్ర మనకు పాఠమే గాని పూజాపీఠం కాదు. 1918లో సోవియట్ ప్రభుత్వం మతపు పెళ్ళికి చట్టపు విలువ తీసేసి వివాహాన్ని పౌర వ్యవహారం చేసింది. 1926లో రిజిస్టరు కాని కాపురాలకు కూడా హక్కులిచ్చింది. 1922 నాటి శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధం నేరంగా లేదు. ఇవి ఆనాటికి పెద్ద అడుగులు. కాని 1934లో పురుషుల స్వలింగ సంబంధం మళ్ళీ నేరమైంది. 1944లో రిజిస్టరు కాని కాపురాలకు గుర్తింపు పోయింది. పెళ్ళి కాని తల్లి బిడ్డ పోషణకు తండ్రిని అడిగే హక్కు కూడా పోయింది. ప్రభుత్వానికి జనాభా కావలసివచ్చినప్పుడు సాక్షి పెళ్ళిపెద్ద అయ్యాడు. క్యూబాలో 1960లలో ఇలాటివారిని శ్రమ శిబిరాలకు పంపారు. అదే క్యూబాలో 2022 సెప్టెంబరు 25న కొత్త కుటుంబ స్మృతి మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, మూడింట రెండువంతుల మంది స్వలింగ వివాహాన్ని కూడా ఒప్పుకుంటూ ఓటేశారు. తప్పు చేసిన చోటనే దిద్దుకోవచ్చునని అది చూపిస్తుంది.

మూడవది: "ఇది పార్లమెంటు తేల్చవలసింది, కోర్టులు కాదు." ప్రజా ప్రతినిధుల మీద కోర్టులను ఎక్కించటం మనకు ఇష్టం లేని పనే. కాని పార్లమెంటు ఏం చేస్తున్నది? 2022 ఏప్రిల్‌లో సుప్రియా సూలే లోక్‌సభలో ఈ విషయం మీద ప్రైవేటు బిల్లు పెట్టారు. 2024లో సభ రద్దయ్యేసరికి అది చర్చకు నోచుకోకుండానే పోయింది. హిందూ స్మృతి బిల్లు నానినాని నలిగిపోతే 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తరువాత నాలుగేళ్ళకు గాని హిందూ వివాహ చట్టం రాలేదు. విడాకులు వస్తే సంసారాలు కూలిపోతాయని ఆనాడు అన్నవారి మనుమరాళ్ళే ఈనాడు ఆ చట్టం నీడన బతుకుతున్నారు. పార్లమెంటే తేల్చాలంటే సరే. తేల్చమని పార్లమెంటును ఒత్తిడి చేసేది ఎవరు? ఆ పని ఉద్యమాలది. కోర్టు వద్దనేవారు వీధిలోకి కూడా రాకపోతే ఆ వాదం వట్టి సాకు.

అయితే ప్రభుత్వాన్ని సాక్షిగా పిలిచేటప్పుడు మనం కళ్ళు తెరుచుకుని పిలవాలి. ప్రభుత్వం దగ్గర ఇంకో రకం రిజిస్టరు కూడా వుంటుంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వారి పేర్లతో రిజిస్టరు పెట్టి, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చెయ్యటానికి అది అధికారమిచ్చింది. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోయింది. ఆ చట్టం మాత్రం వుండిపోయింది. దాన్ని రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. పేరు రాసుకోవటం ఒక్కటే కాదు, ఎందుకు రాసుకుంటారన్నది ముఖ్యం. అనుమానితుల పట్టికలో పేరుకూ, దంపతుల పట్టికలో పేరుకూ వున్న తేడాయే ప్రజకూ పౌరుడికీ వున్న తేడా.

ప్రత్యేక వివాహ చట్టంలోని ముప్పయి రోజుల నోటీసు కూడా పెళ్ళిపెద్ద బుద్ధికి మిగిలిన ఆనవాలే. పెళ్ళి చేసుకోబోయేవారి పేర్లు, చిరునామాలు ఆఫీసు గోడకు అంటిస్తారు, అభ్యంతరాలు చెప్పమంటారు. ఇది ఎవరికి ఉపయోగం? వెతుక్కుంటూ వచ్చే అన్నదమ్ములకూ, కులసంఘాలకూ. నోటీసు ప్రచురించాలో వద్దో దంపతుల ఇష్టమని అలహాబాదు హైకోర్టు 2021లో అన్నది. చట్టంలోంచే ఆ నిబంధన పోవాలి. దీనివల్ల కులాంతర దంపతులకూ, మతాంతర దంపతులకూ, స్వలింగ దంపతులకూ సమానంగా మేలు. ఈ మూడు పోరాటాలూ ఒకటే అనటానికి ఇంతకన్నా సూటి నిదర్శనం ఏముంది?

మనం కోరవలసినది ఇది. వయస్సు వచ్చిన ఏ ఇద్దరైనా, నిషిద్ధ బంధుత్వం లేనివారు, నిర్బంధం లేకుండా వచ్చి సంతకం పెడితే ప్రభుత్వం రాసుకోవాలి. గుడిగాని, చర్చిగాని, మసీదుగాని ఎవరికి తంతు జరపాలో ప్రభుత్వం చెప్పనక్కరలేదు. ఎవరి పేరు రాసుకోవాలో ప్రభుత్వానికి అవి చెప్పనక్కరలేదు. పెళ్ళి వద్దనుకుని ఒక పొయ్యి దగ్గర బతికేవారికి కూడా, రేషను కార్డు ఒప్పుకున్నట్టే, ఆసుపత్రి, పెన్షను, వారసత్వం ఒప్పుకోవాలి. ఇందులో ఎవరి పెళ్ళికీ వచ్చే నష్టం లేదు. పక్కింటివారి పేరు రిజిస్టరులో ఎక్కినంతమాత్రాన మన పేరు చెరిగిపోదు.

నేపాల్‌లో 2023 నవంబరులో అలాటి పెళ్ళి ఒకటి రిజిస్టరయింది. తైవాన్‌లో 2019లో, థాయిలాండ్‌లో 2025 జనవరిలో చట్టాలు అమలులోకి వచ్చాయి. ఇది పడమటి గాలి అన్నవారు ఇప్పుడు గాలి ఎటునుంచి వీస్తున్నదో చూసుకోవాలి.

మన కాలేజీల్లో, హాస్టళ్ళలో, ఉపాధ్యాయుల గదుల్లో ఈ విషయం ఇంకా నవ్వులాటగానే వుంది. విద్యార్థి సంఘాలు కులాంతర వివాహాలకు అండగా నిలబడటం నేర్చుకున్నాయి. సాక్షి సంతకం పెట్టటానికి మన విద్యార్థులు రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో గంటల తరబడి నిలబడిన రోజులున్నాయి. ఈ జంటల కోసం కూడా ఆ వరండాలో నిలబడవలసిన రోజు వస్తుంది. అంతవరకు చెయ్యగల పని లేదనుకోకూడదు. నిర్బంధంలో వున్న స్నేహితురాలి కోసం అర్జీ వెయ్యటానికి, హాస్టలు నుంచి గెంటివేసిన కుర్రాడికి చోటు ఇవ్వటానికి చట్టం మారేదాకా ఆగనక్కరలేదు. పెళ్ళిపెద్దలు మన ఊళ్ళలో కావలసినంతమంది వున్నారు. కొరతగా వున్నది సాక్షులే.